ఆటలలో సమతాస్థితి – యంత్రముల విజయము

ఆటలలో సమతాస్థితిని వెదకు యంత్రములను గూర్చి వ్రాయువారు “ఆట సాధింపబడినది” అని తరచుగా ప్రకటించుచున్నారు. ఆ మాట ఎంతవరకు సార్థకమో విచారింతము.

మన పిల్లలాడు సరి–బేసి ఆటను చూడుడు. ఒకడు గుప్పిట చింతగింజలు దాచును. ఎదుటివాడు సరియో బేసియో చెప్పును. ఎవ్వడు ఏ వాడుకకు లోబడినను రెండవవాడు పసిగట్టును. కావున రెంటిని సమపాళ్లలో, ఊహకందకుండ ఎంచుకొనుటయే ఇరువురకు క్షేమము. తానొక్కడే మార్గము మార్చి లాభపడజాలని ఇట్టి స్థితియే సమతాస్థితి. పరిమితమైన ప్రతి ఆటకును ఇది కలదని జాన్ నాష్ 1950లో నిరూపించెను. కలదనుట వేఱు, కనుగొనుట వేఱు. ఇరువురును క్షణక్షణము తమ లాభము పెరుగు దిక్కునకే జరిగినచో, ఈ చిన్న ఆటయందే సమతాస్థితి చుట్టును తిరుగుదురు గాని దానిని చేరరు.

ఈ చిక్కునకు కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ఒక ఉపాయము చూపిరి. యంత్రము తనతో తానే ఆడుకొనుచు, “మరియొక ఎత్తు వేసియున్న ఎంత దక్కెడిది” అని ప్రతి నిర్ణయమునందు పశ్చాత్తాపమును లెక్కించి, అది అధికముగానున్న ఎత్తువైపు మొగ్గును. ఒకరి లాభమే మరొకరి నష్టమగు ఇరువురి ఆటలో, దాని ఆటతీరుల సగటు సమతాస్థితిని సమీపించును.

ఈ పద్ధతినే సంస్కరించి, 4,800 ప్రాసెసర్లతో 68 దినములు గణించి, 2015లో సెఫియస్ అను కార్యక్రమమును వెలువరించిరి. పందెపు మేర నిర్ణీతమైన ఇరువురి పోకర్ పేకాట సారాంశమున సాధింపబడినదని వారి వాదము. గంటకు 200 ఆటల చొప్పున, దినమునకు 12 గంటలు, 70 ఏండ్లు ఆడినను దాని లోపమును నిశ్చయముగా గుర్తింపజాలమన్నది వారి ప్రమాణము. మిగిలిన లోపమునకు కొలత చెప్పిరి గనుక ఈ వాదము ఆదరణీయము.

2019లో ఆరుగురాడు పోకర్‌లో నిపుణులను గెలిచిన ప్లూరిబస్ సంగతి వేఱు. ముగ్గురు మొదలు పెక్కురాడు ఆటలో, ఒకడు సమతాస్థితి మార్గమునే పట్టినను నష్టపడకుండునను హామీ లేదు. దాని కర్తలును అట్టి హామీ నీయలేదు. అది నిజమైన విజయమే. దానిని సమతాస్థితికి నిదర్శనముగా చూపుట మాత్రము తగదు.

ఈ భేదము పేకాటతో ముగియదు. లాస్ ఏంజెలస్ విమానాశ్రయమున 2007లో తనిఖీల ఏర్పాటుకు ఇట్టి గణితమునే వినియోగించిరి. అచట దాడి చేయువాని లాభనష్టములను మనుష్యులే ఊహించి యంత్రమున కందింపవలెను. ఆ ఊహ తప్పినచో లెక్క సరియైనను రక్షణ సరికాదు. ఆటగాండ్రెందరు, లోపమునకు కొలత యేది, లాభనష్టములను నిర్ణయించినదెవరు అని అడిగి తెలిసికొనిన పిదపనే ఇట్టి ప్రకటనలను విశ్వసించుట ఉచితము.