డచ్చి వాక్యమున క్రియకు స్వస్థానమేది?

డచ్చి భాషను పరభాషీయులకు నేర్పుటకై వెలసిన వ్యాకరణములలో పెక్కింట ఒక క్రమము కానవచ్చును. మొదట కర్త, పిదప క్రియ, తరువాత కర్మ అని ప్రధానవాక్యమును బోధింతురు. అనేక పాఠముల పిమ్మట, ఉపవాక్యమున క్రియ తుదకు పోవునని చెప్పి దానిని అపవాదముగా చూపుదురు. ఈ క్రమము తలక్రిందులైనదని మా అభిప్రాయము.

మేము కల్పించిన వాక్యమొకటి పరిశీలింతము. ‘డె హాండెల్ నేమ్ట్ డిట్ యార్ ఆఫ్’ అనగా ‘ఈ యేడు వర్తకము తగ్గుచున్నది’ అని యర్థము. ఇందు ‘డె హాండెల్’ వర్తకము; ‘డిట్ యార్’ ఈ యేడు. తగ్గుట యను నర్థము నిచ్చు క్రియ ‘ఆఫ్‌నేమెన్’. అది రెండుగా చీలి, ‘నేమ్ట్’ రెండవ స్థానమునకు పోగా ‘ఆఫ్’ అను ఉపసర్గ వాక్యాంతమున నిలిచినది. ‘ఈ యేడు’ అనుదానిని ముందు నిలిపినచో ‘డిట్ యార్ నేమ్ట్ డె హాండెల్ ఆఫ్’ అగును. కర్త వెనుకకు జరిగెను గాని క్రియ రెండవ స్థానమును విడువలేదు. కర్త ముందు, క్రియ వెనుక అను సూత్రము ఇచటనే భగ్నమగుచున్నది. ఇక ‘అని’ అను అర్థము గల ‘డాట్’ చేర్చి ఉపవాక్యము చేసినచో ‘డాట్ డె హాండెల్ డిట్ యార్ ఆఫ్‌నేమ్ట్’ అగును. ఇచట క్రియ చీలక తుదియందు నిండుగా నున్నది. ఆ తుదియే దానికి స్వస్థానమనియు, రెండవ స్థానము అది వలసపోయిన తావనియు చెప్పినచో మూడు రూపములును సులభముగా సమన్వయమగును. ప్రధానవాక్యమున వెనుక మిగిలిన ‘ఆఫ్’ ఆ విడిచిన యింటి గుర్తు. యాన్ కోస్టర్ అను డచ్చి భాషాశాస్త్రజ్ఞుడు 1975లో ప్రకటించిన వ్యాసమున డచ్చి క్రియాంతభాషయే యని వాదించుచు, ఇట్టి ఉపసర్గల స్థానమును ఒక యాధారముగా గైకొనెను. మేము చూచిన ప్రవేశపాఠములలో ఆ చర్చ జాడయే లేకుండుట వింత.

ఇది పండితుల వినోదము మాత్రము కాదు. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. (బందరులోని వలందపాలెము పేరున నేటికిని ఆ వలందులు నిలిచియున్నారు.) వారి కంపెనీ కాగితములును, 1693లో ఆంస్టర్‌డాములో అచ్చయిన దానియేల్ హావర్ట్ కోరమండల గ్రంథమును ఆంధ్రదేశచరిత్రకు ఆకరములు. అట్టివానిని చదువగోరు విద్యార్థి ‘నేమ్ట్’ చూచినంతనే ‘తీసికొనును’ అని యాగినచో, వర్తకము దేనినో తీసికొనుచున్నదని భ్రమించును. ‘ఆఫ్’కు బదులు ‘టూ’ ఉన్నచో వర్తకము పెరుగుచున్నదని యర్థము! వృద్ధిక్షయములకు భేదము తుదినున్న చిన్న మాటయందే కలదు. నడుమ పది పదములు దూరిన దీర్ఘవాక్యమున ఆ మాటను జారవిడుచుట ఎంత సులభమో చెప్పనక్కఱలేదు.

తెలుగు విద్యార్థికి వాక్యాంతమువరకు వేచియుండుట క్రొత్త కాదు. ‘పెరిగినది’, ‘పెరుగలేదు’ అను భేదము మనకును అచటనే తేలును. కావున అతనికి ఉపవాక్యమునే మొదట నేర్పి, దానినుండి ప్రధానవాక్యమును సాధించి చూపవలెనని మేము సూచించుచున్నాము. అయితే ఈ సామ్యమును మితిమీరి సాగదీయరాదు. మన ‘అని’ ఉపవాక్యమునకు చివర నుండగా ‘డాట్’ దాని మొదట నిలుచును. ‘నేను చదివిన పుస్తకము’ డచ్చిలో ‘హెట్ బూక్ డాట్ ఇక్ లాస్’ అగును; అనగా విశేషణవాక్యము నామమునకు వెనుక వచ్చును. ఈ ‘డాట్’ మరల వేఱు. ఇది ‘అని’ కాదు, సంబంధసర్వనామము. రూపమొక్కటియే యగుటచే మన విద్యార్థి ఇచట తడబడును. ఈ రెండింటి భేదమునకు ప్రత్యేకముగా ఒక పాఠము కేటాయింపక తప్పదు.