తప్పు చేసే పాత్రలు మనకూ కావాలి

నా మొదటి కథలో మా తాతను రాశాను. అసలు తాత జీలుగు కల్లు తాగేవాడు. షావుకారి కాగితం మీద ఏముందో అడగకుండా వేలిముద్ర వేశాడు. నా కథలో తాత మాత్రం తాగడు, ఎవరికీ తల వంచడు. చదివి వినిపిస్తే మా అమ్మ, "ఈయనెవరు?" అంది.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో రావిశాస్త్రి 'అల్పజీవి' నవల చదివాక అర్థమైంది. అందులో సుబ్బయ్య ఒక గుమాస్తా. ఆఫీసులో భయం, ఇంట్లో భయం. బావమరిది మాట కాదనలేక కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తెస్తాడు. ఆ తర్వాత గవరయ్యను తలుచుకుని వణుకుతాడు. అయినా అతన్ని వదల్లేం. అధికారి ముందు మన గొంతు పెగలని రోజు గుర్తొస్తుంది. లోపం లేని వీరుణ్ణి దూరం నుంచి చూస్తాం. సుబ్బయ్య పక్కన కూర్చుంటాం.

అయితే ఒక తేడా ఉంది. సుబ్బయ్య పిరికివాడైతే పాఠకుడు సుబ్బయ్యనే అంటాడు. మన కథలో ఒకడు తాగితే 'వీళ్ళంతా ఇంతే' అనేవాళ్ళున్నారు. అందుకే మన పాత్రలను కడిగి, తుడిచి నిలబెడుతున్నాం. ఆ భయం ఉత్తది కాదు. కానీ అమాయక గిరిజనుడు, వీర గిరిజనుడు అనే రెండు బొమ్మల మధ్య మనిషికి చోటేది?

గోపీనాథ్ మహంతి 1945లో ఒడియాలో రాసిన 'పరజా' చూడండి. మన సరిహద్దుకు అవతలున్న కొరాపుట్ కొండల కథ అది. రచయిత గిరిజనుడు కాకపోయినా శుక్రు జానిని దేవుణ్ణి చేయలేదు. ఫారెస్టు గార్డు కన్ను శుక్రు కూతురి మీద పడుతుంది. ఆ ఆశ తీరకపోయేసరికి చెట్లు కొట్టిన నేరం శుక్రు మెడకు చుట్టుకుంటుంది. జరిమానా కోసం అప్పుచేసి షావుకారి దగ్గర వెట్టికి కుదురుతాడు. కొడుకు మాండియా దొంగచాటుగా సారా కాచి దొరికిపోతాడు, అదే ఉచ్చులో పడతాడు. తప్పు చిన్నది, శిక్ష బతుకంత. ఆ చిన్న తప్పును రచయిత దాచి ఉంటే, శిక్ష ఎంత అన్యాయమో మనకు తెలిసేది కాదు.

టీచర్లకు ఒక మాట. పిల్లవాడు కథలో వాళ్ళ నాన్న తాగుడు గురించి రాస్తే కొట్టేయకండి. అప్పు ఎవరిచ్చారు, కాగితం ఎవరు రాశారు అని అడగండి.

ఈమధ్య తాత కథ మళ్ళీ రాశాను. తాత కల్లు తాగాడు, వేలిముద్ర వేశాడు. ఈసారి ఆ వేలు పట్టుకుని నొక్కిన షావుకారి చేయి కూడా కథలోకి వచ్చింది.