తలుపుకి అవతలా ఇవతలా

క్రిస్మస్ రోజుల నుంచి జనవరి మధ్య దాకా దక్షిణ వేల్స్ ఊళ్లలో చీకటి పడ్డాక ఒక గుర్రం ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది. ఒళ్లంతా తెల్ల దుప్పటి, తల మాత్రం అసలైన గుర్రం పుర్రె. దాన్ని కర్రకు బిగించి, కళ్ల చోట సీసా అడుగులు పెట్టి, రంగు రిబ్బన్లు కడతారు. దుప్పటిలో దూరిన మనిషి తాడు లాగితే దవడ టక్కున మూసుకుంటుంది. దాన్ని మారి లూయిడ్ అంటారు. వెంట వచ్చిన గుంపు తలుపు తట్టి నేరుగా లోపలికి రాకూడదు. రానిమ్మని పాటలో అడగాలి. లోపలివాళ్లు కూడా పాటలోనే కుదరదనాలి.

ఈ పాటల తగాదాకి పుంకో అని పేరు. చలికాలంలో ఇల్లిల్లూ తిరిగి పాడి, దీవించి, ఇంత తాగి వెళ్లే ఆచారం ఇంగ్లండులోనూ ఉంది. నాకు మాత్రం వేల్స్ పద్ధతే ఎక్కువ ఇష్టం, ఇక్కడ పాడేవాడికి ఎదురు ఉంది గనక. అవతలి గొంతు బాగాలేదని, తాగుబోతులని, పిసినారులని ఎత్తిపొడుచుకుంటారు. మన పెళ్లిళ్లలో ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ పాటల్లో దెప్పుకోవడం విన్నవాళ్లకు ఈ రుచి తెలుసు. చరణాలు ముందుగా ఎవరికి అయిపోతే వాళ్లు ఓడినట్టు. లోపలివాళ్లు ఓడితే తలుపు తీసి తిండీ బీరూ పెట్టాలి. మారి ఇంట్లో దూరి, పళ్లు టకటకలాడిస్తూ ఆడపిల్లల వెంట పడుతుంది. వెళ్లేముందు ఇంటివాళ్లకి మేలు కోరుతూ ఇంకో పాట.

పుంకో చరణం ఎలా కడతారో చూడండి. ప్రాస కుదిరిన మూడు పొట్టి పాదాలు. మూడో పాదాన్నే ఇంకో రెండుసార్లు తిప్పి పాడి, చివర ఒక్క మాటతో ముగిస్తారు. మొదటిసారి విన్నప్పుడు ఆ తిప్పడం వినసొంపు కోసమే అనిపిస్తుంది. వినగా వినగా నాకు తోచిందేమిటంటే, అవతలివాళ్లు ఆ పాదాన్ని తిప్పుతున్నంతసేపే ఇవతలివాడికి జవాబు అల్లుకునే వ్యవధి. పాత చరణాలు ఎన్ని కంఠస్థం ఉన్నా, ఎదుటివాడి మాట పట్టుకుని అప్పటికప్పుడు కట్టిన చరణానికే జనం గొల్లుమంటారు.

ఈ ఆచారం మొదట పుస్తకంలోకి ఎక్కింది 1800లో, ఒక యాత్రా గ్రంథంలో. 1852లో విలియం రాబర్ట్స్ అనే బాప్టిస్టు పాస్టరు ఇది చీకటి యుగాల మూఢాచారమని, మానుకోవాలని పుస్తకం రాశాడు. రాస్తూ రాస్తూ చరణాలు కూడా అచ్చువేశాడు. తర్వాతి తరాలు పాట నేర్చుకోవడానికి ఆ పుస్తకమూ పనికొచ్చింది!

మైస్టెగ్ దగ్గరి లాంగన్విడ్ మారి లూయిడ్‌కి పేరుపడ్డ ఊరు. ఈ మధ్య కాలంలో చెప్‌స్టో లాంటి చోట్లా పెద్ద పండుగలే చేశారు. పుర్రెలు బోలెడు, ఫొటోలు అంతకంటే బోలెడు. నా బెంగ తలుపుకి లోపలివైపు గురించి. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ మాట్లాడగలమన్నవాళ్లు 17.8 శాతం. దక్షిణాన చాలా ఇళ్లలో, పబ్బుల్లో లోపల కూర్చున్నవాళ్లకి బయటి చరణం అర్థమే కాకపోతే జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది? కాగితం చూసి రెండు చరణాలు చదివి తలుపు తీసేస్తే అది ఊరేగింపే, పుంకో కాదు. పుర్రెకి రిబ్బన్లు కట్టడం నేర్పే చోటల్లా జవాబు కట్టడం కూడా నేర్పాలి.

కార్డిఫ్‌లో, స్వాన్సీలో ఉంటున్న తెలుగువాళ్లకి ఒక మాట. ఈ చలికాలం మారి లూయిడ్ వచ్చే చోటికి వెళ్తే ఫోను జేబులో పెట్టి లోపలి పక్షాన చేరండి. వెల్ష్‌లో ఒక్క జవాబు చరణమైనా ముందే నేర్చుకుని వెళ్లండి.