తిరగేసే స్వేచ్ఛ

సంక్రాంతికి ముందు విజయవాడలో ఇంకో పండుగ ఉంది. 1989లో మొదలైన పుస్తక మహోత్సవానికి కొత్త సంవత్సరం తొలి రోజులే ముహూర్తం. జనవరి 1న మొదలై 11న ముగియడం చాలా ఏళ్లు నడిచిన ఆనవాయితీ. ఈమధ్య తేదీలు కాస్త అటూ ఇటూ జరుగుతున్నాయి. చాలాకాలం దీనికి వేదిక స్వరాజ్య మైదానం. అక్కడ ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. తన పుస్తకాలకు చోటు కావాలని బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్న మనిషి ఆ నేల మీదే నిలబడడం నాకు సంతోషం కలిగించే సంగతి. ఉత్సవం వేరే మైదానాలకు తరలింది, పాఠకులూ దాని వెంటే వెళ్లారు. హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో డిసెంబరులో జరిగే బుక్ ఫెయిర్‌కీ ఇలాగే జనం వస్తారు. ఈ ఉత్సవాలు ముగిసినప్పుడు పత్రికల్లో రెండు లెక్కలు కనిపిస్తాయి: ఎంతమంది వచ్చారు, ఎంత వ్యాపారం జరిగింది. అమ్మకాలు లేకపోతే ప్రచురణకర్త బతకడు కాబట్టి ఆ లెక్కలు అవసరమే. అయితే ఈ పండుగ ఇచ్చే మేలులో ముఖ్యమైనది వాటిలో పట్టదని నా నమ్మకం. ఏమీ కొనని మనిషికి కూడా అక్కడ ఒకటి దొరుకుతుంది. ఏ పుస్తకాన్నయినా చేతిలోకి తీసుకుని, ఎవరూ ఎందుకని అడగకుండా, కావలసినంతసేపు తిరగేసే స్వేచ్ఛ అది. చదవడంలోని ఆనందం మొదటి వాక్యం కంటే ముందే, ఎంచుకునేటప్పుడే మొదలవుతుంది.

గ్రంథాలయ శాస్త్రం ఈ విషయాన్ని ఎప్పుడో గుర్తించింది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు ప్రకటించారు. పాఠకుడికి కావలసిన పుస్తకం అందాలన్నది వాటిలో రెండోది. మూడోది ఇదే మాటను పుస్తకం వైపు నుంచి చెబుతుంది: దానికి తగిన పాఠకుడు దానికి దొరకాలి. రెండో సూత్రాన్ని నెరవేర్చడం కొంత తేలిక. ఏం కావాలో తెలిసిన మనిషి వచ్చి అడిగితే ఉద్యోగి లోపలికి వెళ్లి తెచ్చి ఇస్తాడు. మూడోది అలా కుదరదు. ఒక పుస్తకం లోకంలో ఉందనే తెలియని మనిషి దాన్ని ఏమని అడుగుతాడు? అందుకే అరలు తెరిచి ఉంచాలనీ, పాఠకుడు వాటి మధ్య తిరుగుతూ చేయి చాపి తీసుకోగలగాలనీ రంగనాథన్ గట్టిగా వాదించారు. ఆ మాట వచ్చి తొంభై ఏళ్లు దాటింది. మన ఊళ్లలో, బడుల్లో చాలాచోట్ల పుస్తకాలు ఇప్పటికీ తాళం వేసిన బీరువాల్లోనే ఉన్నాయి. పోయిన పుస్తకానికి తాను జవాబు చెప్పుకోవాలన్న భయం ఉద్యోగి చేత తాళం వేయిస్తుంది. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ తాళం వల్ల దూరమైన పాఠకుడి గురించి జవాబు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఏడాది పొడుగునా అమలు కాని మూడో సూత్రం, ఆ పదకొండు రోజులు మైదానంలో అమలవుతుంది.

తిరగేయడం అంటే ఊరికే కాలక్షేపం అనుకుంటాం గాని, అది చేయగా చేయగా వచ్చే విద్య. స్టాల్ ముందు నిలబడ్డ అలవాటైన పాఠకుడిని గమనించండి. అట్ట చూస్తాడు, అక్కడ ఆగడు. వెనక అట్ట మీది పొగడ్తలను సగమే నమ్ముతాడు. ముద్రణ వివరాల పేజీకి వెళ్లి తొలి ముద్రణ ఎప్పుడో, ఇది ఎన్నో ముద్రణో, అనువాదమైతే ఏ భాష నుంచో, అనువాదకుల పేరు సరిగ్గా వేశారో లేదో చూస్తాడు. తెలుగు పుస్తకాల్లో ముందుమాటలు ఒకటికి నాలుగు ఉండడం మామూలే కనుక వాటిని దాటుకుని విషయసూచికకు వస్తాడు. వ్యాస సంపుటి అయితే ఏ వ్యాసం ఎప్పుడు, ఏ పత్రికలో వచ్చిందో ఇచ్చారా అని వెతుకుతాడు. అది లేకపోతే సంపాదకుడి శ్రద్ధ ఏపాటిదో తెలిసిపోతుంది. చరిత్ర పుస్తకమైతే చివరి పేజీల్లో ఆధారాలు, పదసూచిక ఉన్నాయో లేదో చూస్తాడు. ఆ తర్వాత నడుమ ఎక్కడో ఒక పేజీ తెరిచి నిలబడే చదువుతాడు. మొదటి పేజీని రచయితలందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే రాస్తారు. నూట ఇరవయ్యో పేజీలో వాక్యం ఎలా నడుస్తోందన్నదే పరీక్ష. అనువాద నవల అయితే సంభాషణలున్న చోటు చూడాలి. మనుషులు తెలుగులో మాట్లాడుకుంటున్నారో లేదో అక్కడ దాగదు. కవిత్వానికి ఒక్క పేజీ చాలు. ఇదంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. దీన్ని ఎవరూ తరగతిలో నేర్పరు. పక్కవాళ్లను చూసి నేర్చుకుంటారు, నచ్చని పుస్తకం కొని తెచ్చుకున్నాక ఇంకోసారి జాగ్రత్తపడి నేర్చుకుంటారు. దానికి ఒకేచోట వేల పుస్తకాలుండాలి, తొందరపెట్టేవాళ్లు ఉండకూడదు. హైదరాబాద్ పాఠకులు ఆబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గర తరాలుగా ఈ విద్య నేర్చారు. కొత్త తెలుగు పుస్తకాలన్నింటి మీదా అలా చేయి వేసి చూసే అవకాశం మాత్రం ఉత్సవంలోనే ఉంది.

ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, మైదానం దాకా వెళ్లడం ఎందుకు అన్నది మొదటి అభ్యంతరం. ఆన్‌లైన్ అమ్మకాలు తెలుగు పుస్తకానికి చేసిన మేలును నేను తక్కువ చేయను. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు, పుస్తకాల షాపే లేని ఊళ్లో ఉన్నవాళ్లకు అదే దారి. కానీ సెర్చ్ పెట్టెలో టైపు చేయడానికి ముందు పేరు తెలియాలి. తెలిసిన పుస్తకం చేరుతుంది, అంటే రంగనాథన్ రెండో సూత్రం దగ్గర మనం ఆగిపోతాం. సైట్ తనంతట తాను చూపించేవి ఇంతకుముందు మనం వెతికినవాటికి దగ్గరివే ఎక్కువ. తెలుగులో కొత్త కథల సంపుటి అయిదు వందలో వెయ్యో ప్రతులు వేస్తారు. చాలాసార్లు ఖర్చు రచయితదే. ప్రకటనలుండవు, ఊరూరా పంపే పంపిణీ వ్యవస్థ ఉండదు. అలాంటి పుస్తకం తన పాఠకుడి కంట పడాలంటే ఇంకో పుస్తకం పక్కన కూర్చోవాలి. 1980 నుంచి పనిచేస్తున్న హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్టాల్‌నే తీసుకోండి. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి తెలుగు రూపం ‘ఏడు తరాలు’ పేరు విని వచ్చే కుర్రవాళ్లు ఉంటారు. ఆ పుస్తకం అందుకునే చేతికి దాని పక్కనున్నదీ తగులుతుంది. ఒక ప్రచురణకర్త ఇన్నేళ్లలో ఏం నమ్మి ఏ పుస్తకాలు వేశారో మొత్తంగా ఒక్క చూపులో కనిపించేది స్టాల్‌లోనే. విడివిడిగా వచ్చే పార్సిళ్లలో ఆ వరస కనపడదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. ఉత్సవంలో జనం ఎక్కువగా మూగేది పోటీ పరీక్షల గైడ్ల దగ్గర, జ్యోతిషం దగ్గర, వ్యక్తిత్వ వికాసం దగ్గర, మిరపకాయ బజ్జీల దగ్గర. దీన్ని పఠనోత్సవం అని ఎలా అంటారని అడుగుతారు. గైడు కోసం వచ్చిన నిరుద్యోగిని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. అతను ఆ గైడు కోసమైనా పుస్తకాల మధ్యకు వచ్చాడు, పది సాహిత్యం స్టాళ్ల ముందు నుంచి నడిస్తేనే గేటు చేరతాడు. అందరూ ఆగుతారని నేను చెప్పను. కొందరు ఆగినా ఆ నడకకు విలువ ఉంది. నిర్వాహకుల బాధ్యత కూడా ఇక్కడే ఉంది: స్టాల్ అద్దె కట్టలేని చిన్న ప్రచురణకర్తలనూ సొంతంగా అచ్చు వేసుకున్న రచయితలనూ ఏ మూలకో నెట్టకుండా, జనం తిరిగే దారిలో తక్కువ అద్దెకు చోటివ్వాలి. ఇక కొన్నవన్నీ చదువుతారా అనేవాళ్లకు ఫ్రెంచి రచయిత, ఉపాధ్యాయుడు దానియేల్ పెన్నాక్ 1992లోనే సమాధానం చెప్పారు. పేజీలు దాటేయడం, పుస్తకాన్ని సగంలో వదిలేయడం, అసలు చదవకపోవడం కూడా పాఠకుడి హక్కులేనన్నారు. ఇంట్లో అరలో ఉన్న పుస్తకం ఈ ఏడాది కాకపోతే పదేళ్లకు, కొన్నవాళ్లు కాకపోతే వాళ్ల పిల్లలు తీస్తారు.

నాకు బాధ కలిగించేది పిల్లల పుస్తకాల స్టాల్ దగ్గర తరచూ జరిగే వ్యవహారం. పిల్ల ఒక బొమ్మల కథల పుస్తకం పట్టుకుంటుంది. తల్లో తండ్రో దాన్ని తీసి పక్కన పెట్టి జనరల్ నాలెడ్జ్ పుస్తకమో ఇంగ్లీషు గ్రామర్ పుస్తకమో చేతిలో పెడతారు. ప్రేమతోనే పెడతారు. కానీ అమెరికా భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ ‘ది పవర్ ఆఫ్ రీడింగ్’లో ఎన్నో అధ్యయనాలను కూర్చి చూపించినదేమిటంటే, పిల్లలు తమకు నచ్చినవి తాము ఎంచుకుని చదివినప్పుడే ఎక్కువ చదువుతారు, పదసంపద, వ్యాకరణం, రాత కూడా దానితోపాటే బాగుపడతాయి. అంటే గ్రామర్ పుస్తకం వల్ల వస్తుందని అమ్మానాన్నలు ఆశపడేది కూడా ఆ బొమ్మల కథల పుస్తకం దారిలోనే ఉంది. ‘మంచి పుస్తకం’ లాంటి సంస్థలు, నేషనల్ బుక్ ట్రస్ట్ చవక ధరకు తెలుగులో మంచి బాలల పుస్తకాలు ఇస్తున్నాయి. పిల్ల చేతికి కొంత డబ్బు ఇచ్చి, ఏది కొన్నా ఎందుకని అడగబోమని మాటిచ్చి, పక్కకు నిలబడడం పెద్దవాళ్లు చేయగలిగిన గొప్ప సాయం. ఆ పుస్తకం పనికిమాలినది కావచ్చు. పనికిమాలినదని తానే కనిపెట్టే అవకాశం కూడా ఆ పిల్లకు దక్కాలి.

అన్నింటికంటే బరువైన ప్రశ్న గ్రంథాలయాల వైపు నుంచి వస్తుంది. పదకొండు రోజుల పండుగ ఏడాది పొడవునా తెరిచి ఉండే గ్రంథాలయానికి సాటి కాదు. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. విజయవాడ ఈ మాటను మరవకూడని ఊరు. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం పుట్టింది ఇక్కడి రామమోహన గ్రంథాలయంలోనే, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో. 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. రేవు రేవుకీ పుస్తకాలే వెళ్లి పాఠకుడిని వెతుక్కున్నాయి. ఆ గ్రంథాలయ ఉద్యమం మనకు చట్టాన్ని కూడా మిగిల్చింది. 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం పాత జబ్బు. ఆ బకాయిలు కదిలితే ఉత్సవాన్నీ గ్రంథాలయాన్నీ కలపడం కష్టం కాదు. కేరళలో లైబ్రరీ కౌన్సిల్ జిల్లాల్లో పుస్తకోత్సవాలు జరుపుతుంది. గ్రామ గ్రంథాలయాలవాళ్లు తమ గ్రాంటు డబ్బుతో అక్కడికి వచ్చి, చూసి, ఎంచి కొనుక్కుంటారు. ఇక్కడ కూడా ఒక్కో శాఖా గ్రంథాలయం నుంచి గ్రంథాలయాధికారి, ఊరి పాఠకులు ఇద్దరు, బడిపిల్లలు ఇద్దరు సెస్సు నిధుల్లో తమ వాటాతో ఉత్సవానికి రావచ్చు. రద్దీ తక్కువగా ఉండే ఒక పగటిపూటను వాళ్లకు కేటాయించవచ్చు. ఎంచినవాటికి అక్కడికక్కడే బిల్లు వేసి, పది శాతం తగ్గింపుతో అదే సాయంత్రం వాళ్లతో పంపేయవచ్చు. మూడు జిల్లాలతో మొదలుపెట్టినా సరే. ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల శాఖలకు విజయవాడ ఒక్క పూట ప్రయాణం.