అవునన్న బిడ్డ నేర్చుకొనెనా?

ప్రియ చదువరీ, నీవు ఆదివారపు బడిలో పిల్లలకు బోధించువాడవైనను, ఇంటియొద్ద బిడ్డచేత ఎక్కాలు చెప్పించు తల్లివైనను, ఒక చిక్కు నీకు తప్పదు. అర్థమైనదా అని నీవడుగుదువు. అయినదని బిడ్డ తల యూపును. ఆ తలయూపును నమ్మవచ్చునా? తెలియుట యనగా ఏమో విచారింపక దీనికి జవాబు దొరకదు.

ఈ విచారణకై గ్రీసు దేశపు తత్త్వవేత్త ప్లేటో దాదాపు 2400 ఏండ్లకు పూర్వము వ్రాసిన 'మెనో' అను చిన్న గ్రంథమును పండితులు నేటికిని చదువుచున్నారు. ప్రశ్నల ద్వారా బోధించుటకు దానిని మాదిరిగా చూపుదురు. అది మెచ్చదగినదే గాని, దానిలోని లోపమును కూడ మనము చూడవలెను.

మెనో అను ధనవంతుని సేవకులలో నొక దాసబాలుని సోక్రటీసు పిలిచెను. రెండేసి అడుగుల భుజములుగల చదరమును గీసి చూపెను. దాని వైశాల్యము 4 చదరపు అడుగులు. దీనికి రెట్టింపు, అనగా 8 చదరపు అడుగుల చదరము కావలెనన్న భుజమెంత ఉండవలెనని అడిగెను. బాలుడు జంకక 4 అడుగులనెను. గీసి చూడగా 16 వచ్చెను. అట్లయిన 3 అడుగులనెను, 9 వచ్చెను. అంతట బాలుడు తనకు తెలియదని ఒప్పుకొనెను.

గ్రంథమంతటిలో శ్రేష్ఠమైన ఘడియ ఇదే. సోక్రటీసు వానిని గద్దింపలేదు. ఇంతకుముందు తెలియకయే తెలిసినదనుకొన్నవాడు ఇప్పుడు వెదకగోరుచున్నాడు గనుక వానికి మేలే కలిగెనని మెనోతో చెప్పెను. మన తరగతులలో తెలియదన్న బిడ్డకు ఏమి దొరకును? కసురు, నవ్వు, ఒక్కొక్కచోట బెత్తము. అందుచేత బిడ్డ తెలియనితనమును దాచుకొని, పదిమందితో గొంతు కలిపి కేక వేయుట నేర్చుకొనును. వానిని ఒంటరిగా నిలిపి నడుమనుండి అడిగిన నోరు పెగలదు.

ఇక లోపమును చూడుము. తాను బోధించుట లేదు, అడుగుచున్నాను అంతేయని సోక్రటీసు అనును. కాని చదరమును మూలనుండి మూలకు కోయు కర్ణరేఖను చూపినది ఆయనే. ఆ రేఖపై కట్టిన చదరమే రెట్టింపగునని బాలుడు తానై కనుగొనలేదు, చూపగా గ్రహించెను. వాని జవాబులలో పెక్కు అవుననుటయే. పుట్టకముందే ఆత్మకు ఈ జ్ఞానమున్నదనియు, నేర్చుకొనుట యనగా జ్ఞాపకము తెచ్చుకొనుటయే ననియు ప్లేటో దీనినుండి తేల్చెను. అంత దూరము పోనక్కరలేదు. బాలునికి భాష వచ్చును, లెక్కించుట వచ్చును, కన్నులయెదుట బొమ్మయున్నది. ఉన్నదానిపై క్రొత్తది కట్టబడెను.

మరియొక లోపము నా మనస్సును గాయపరచుచున్నది. ఆ బాలునికి గ్రంథములో పేరు లేదు. యజమానునికి ఒక వాదమును రుజువు చేయుటకు వానిని పిలిచిరి. రుజువైన పిమ్మట వానితో ఎవరును మాటలాడలేదు. క్రిస్మస్ దినమున అతిథుల యెదుట మన బిడ్డను నిలిపి వాక్యములు వల్లింపించి, చప్పట్లు కాగానే మరచిపోవుదుమా? అట్లయిన మనమును అదే చేయుచున్నాము.

దీనికి ప్రక్కన అగస్టీను 389 ప్రాంతమున వ్రాసిన 'ఉపదేశకుని గూర్చి' అను సంభాషణను పెట్టి చూడుము. అందులోని శిష్యుడు ఆయన సొంత కుమారుడు అదెయోదాతు. ఆ సంభాషణలో కుమారుడు పలికిన తలంపులు నిజముగా వానివేయని తండ్రి తరువాత సాక్ష్యమిచ్చెను. ఉపాధ్యాయుని మాటలు గురుతులు మాత్రమే. వినువాడు లోపలనున్న సత్యముతో సరిచూచుకొన్నప్పుడే నేర్చుకొనునని అగస్టీను వాదించెను. ఆ లోపలి ఉపదేశకుడు క్రీస్తేయని ఆయన నిశ్చయము. ఇక్కడ శిష్యునికి పేరున్నది, ఎదురు చెప్పు స్వాతంత్ర్యమున్నది.

అయినను ప్లేటోయొద్ద మనము ఉంచుకొనదగిన మాట రెండున్నవి. మొదటిది: లరిస్సా పట్టణమునకు పోయిన వాడును, పోకయే త్రోవను సరిగా ఊహించినవాడును ఇతరులను అక్కడికి చేర్చగలరు. కాని కారణముచేత కట్టబడని సరియైన తలంపు నిలువక పారిపోవును. మన మాటలలో చెప్పవలెనన్న, అది గుంజకు కట్టని దూడ. రెండవది: బాలుని జ్ఞానము ఇంకను కలవంటిదే, పలుమారులు, పలు విధముల అడిగినప్పుడే స్థిరపడునని సోక్రటీసే ఒప్పుకొనెను. ఆయన మెనోయెదుట ఆ పని చేయలేదు. అది మనకు మిగిలిన పని.

కాబట్టి చదువరీ, ఈ వారము ఒక్క బిడ్డను పేరుపెట్టి పిలువుము. అవునను జవాబు రాని ప్రశ్న అడుగుము. ఎందుచేతనో చెప్పుమనుము. తెలియదన్నప్పుడు సంతోషించి, వాని ప్రక్కన కూర్చుండుము. మరునాడు అదే సంగతి మరియొక రీతిగా అడుగుము. త్వరపడకుము.