చార్మినార్‌ను చూసే కళ్లు, పెంటను చూసే కళ్లు

హైదరాబాద్ చూసొచ్చిన పిల్లలతో మన ఆశ్రమ పాఠశాలల్లో వ్యాసం రాయిస్తుంటాం. దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు, ఎత్తు 56 మీటర్లు, చాలా అందంగా ఉంది. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది చూసి రాసింది కాదు, చదివి రాసింది.

మేము నలుగురం టీచర్లం సెలవుల్లో పోయి చార్మినార్ చుట్టూ పూటంతా తిరిగాం. మమ్మల్ని ఆపింది దాని ఎత్తు కాదు, అది నిలబడ్డ చోటు. తోవలు కలిసే కాడ నాలుగు దిక్కులకూ నాలుగు కమాన్లు తెరిచి పెట్టారు. పక్కనే లాడ్ బజార్ గాజుల దుకాణాలు, అత్తరు వాసన, బేరాల గోల. కోట లోపల దాచిన కట్టడం కాదిది, జనం నడుమ నిలిపిన కట్టడం. దాని గొప్పతనం అక్కడుంది. దగ్గరికి పోయి చూస్తే లోపల రాయి, పైన సున్నపు గచ్చు. ఆ గచ్చులోనే పువ్వులు, తీగలు తీర్చారు.

ఆ చేతులెవరివి? రాజు పేరు మిగిలింది. నగరానికి నక్షా వేశాడని మీర్ మోమిన్ పేరు చెబుతారు. రాయి కొట్టినవాళ్ల పేర్లు, సున్నం నూరినవాళ్ల పేర్లు మన పాఠాల్లో లేవు. ఇది పాతకాలం ముచ్చటే అనుకోవద్దు. మన జిల్లా నుంచి పోయి దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టిన వేలమంది పేర్లు 'పాలమూరు లేబర్' అనే ఒక్క మాటలో మునిగిపోయాయి.

ఇంకో లోపం మనలోనే ఉంది. వాస్తుకళ అంటే రాయే అనుకుంటున్నాం. నల్లమలలో చెంచుల గుండ్రటి గుడిసెను చూడండి. వెదురు తడికె గోడ, పైన కొసదేలిన గడ్డి కప్పు. వాన నిలవకుండా జారిపోతుంది, గాలి తడికెలోంచి ఆడుతుంది. పాడైన చోటును ఇంటివాళ్లే బాగుచేసుకుంటారు. 1943లో హైమన్‌డార్ఫ్ చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. బయటివాడు వచ్చి రాసుకుపోయిన ఇంటిని మన పిల్లలు చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. బయటివాళ్ల నోట 'పెంట' అంటే చెత్తకుప్ప. చెంచులకు అది ఊరు.

పక్కా ఇల్లు వద్దని మేము అనడం లేదు. వానకూ పాముకూ భయపడకుండా పడుకునే ఇల్లు మన హక్కు. అయితే అది ఎట్లుండాలో కట్టించేవాళ్లు ముందు మనల్ని అడగాలి. అడిగితే చెప్పగలగాలంటే మన ఇంటి తెలివి మనకు తెలిసుండాలి.

అందుకే తోటి టీచర్లకు ఒక మాట. ఈసారి పిల్లలతో రెండు వ్యాసాలు రాయించండి, చార్మినార్ మీద ఒకటి, సొంత ఇంటి మీద ఒకటి. రెండింటికీ ప్రశ్నలు అవే: దేనితో కట్టారు, ఎవరు కట్టారు, ఎవరి కోసం కట్టారు, పాడైతే ఎవరు బాగుచేస్తారు? రెండో వ్యాసానికి జవాబులు పుస్తకంలో దొరకవు. అవ్వనూ తాతనూ అడిగి రాయాలి.