గీత ఎక్కడ గీయాలి?

దీర్ఘవృత్తాకార గెలాక్సీలు ముసలివనీ, కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావలసిన చల్లని వాయువు వాటిలో నిండుకుందనీ చాలాకాలం అనుకున్నారు. ఢిల్లీలో కూర్చుని నేను వెతికేది ఆ వాయువునే. చూసేది మాత్రం చిలీలోని ఆల్మా టెలిస్కోపు సేకరించిన సమాచారంలో.

చల్లని హైడ్రోజన్ అణువు మైనస్ 250 డిగ్రీల దగ్గర వెలుగు చిమ్మదు. దానితో కలిసుండే కార్బన్ మోనాక్సైడ్ చిమ్ముతుంది, 2.6 మిల్లీమీటర్ల తరంగంలో. పొగను చూసి నిప్పుందని చెప్పడమే మా పని. ఆ తరంగాన్ని గాలిలోని తేమ మింగేస్తుంది. 5,000 మీటర్ల ఎత్తున, ఎడారిలో ఆల్మాను ఎందుకు కట్టారో జులైలో యమున ఒడ్డున నిలబడితే తెలుస్తుంది.

ఈ పనిలో నాకిష్టమైనదీ, నన్ను భయపెట్టేదీ ఒకటే. గెలాక్సీ నడిబొడ్డున కృష్ణబిలం దగ్గర వెలిగే రేడియో కాంతిని ముందు తీసేయాలి. అందుకు వర్ణపటంలో వాయువు రేఖ ఉండగల చోటును వదిలిపెట్టి, మిగతా భాగం మీదుగా ఒక గీత గీసి, దాన్ని తీసేస్తాం. వదిలిన చోటు ఇరుకైతే, ఉన్న రేఖ సగం ఆ గీతతోపాటే పోతుంది. తిన్నని గీతకు బదులు నాలుగు వంపులు తిప్పితే లేని రేఖ గుట్టలా లేచి కూర్చుంటుంది. రేఖ ఎక్కడ పడాలో గెలాక్సీ వేగం చెబుతుంది. అందుకే ఆ వేగాన్ని దాని నక్షత్రకాంతి నుంచి ముందే తీసుకుని, ఏ చోటు వదలాలో తెర తెరవకముందే రాసిపెట్టుకుంటాను. చూశాక నిర్ణయిస్తే కంటికి ఆశ పడుతుంది.

గెలాక్సీ సమూహాల్లో ఆశకు కారణాలూ ఎక్కువే. వాటి నడుమ కోట్ల డిగ్రీల వాయువు ఎక్స్ కిరణాలు చిమ్ముతూ చల్లారుతోంది. పాత లెక్క ప్రకారం కొన్నిచోట్ల ఏటా వందల సూర్యుళ్లంత పదార్థం పోగుపడాలి. అంత లేదు, కృష్ణబిలం జెట్లు తిరిగి వేడి పోస్తున్నాయి. ఉన్నదైనా తక్కువేం కాదు. 2001లో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్జ్ 16 సమూహాల కేంద్ర గెలాక్సీల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకున్నారు. 2016లో ట్రెంబ్లే బృందం అబెల్ 2597లో మూడు చల్లని మబ్బులు కృష్ణబిలం వైపు పడుతుండగా, వాటి నీడల్ని చూసింది. విడి గెలాక్సీల సంగతికొస్తే, 2011 నాటి అట్లాస్ త్రీడీ సర్వేలో దీర్ఘవృత్తాకార, కటకాకార గెలాక్సీలు దాదాపు 260 చూస్తే 22 శాతంలో వాయువు దొరికింది. మిగతా వాటికి, వాయువు ఇంతకు మించి ఉండదని చెప్పే గరిష్ఠ పరిమితులు వేసి పట్టికలో పెట్టారు. ఆ పట్టిక లేకపోతే 22 శాతం అన్న మాటకే అర్థం లేదు.

ఆల్మా సమాచారం సాధారణంగా ఏడాది తర్వాత అందరికీ ఉచితం. ఢిల్లీలోనో ఉస్మానియాలోనో ఫిజిక్స్ చదువుతున్న పిల్లలు దించుకుని చూడండి. ఏమీ కనబడకపోతే పరిమితి లెక్కగట్టి, అదీ అచ్చువేయండి.